నీలం గడి

1912 నవంబరు 4, సోమవారం. టెక్కలి

ఈ వారం దొరసాని నాకిచ్చిన మాట "గళ్ళు".

మాటల పుస్తకం తయారుచేస్తున్నారు కదా, మిషను బడిలో పాఠం చెప్పే ప్రతివాళ్ళకూ తలా ఒక చీటీ వస్తోంది. జెకర్యా గారికి "నాగలి" వచ్చింది. ఆయనకు ఆదివారం ప్రసంగం అలవాటు, నాగలి మీద నాలుగు పేజీలు రాసిచ్చారు. నేను ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదాన్ని కాబట్టి గుడ్డల మాటలన్నీ నా నెత్తిన పడ్డాయి. అర్థం రాయాలి. జనం ఎలా వాడతారో మూడు వాక్యాలు రాయాలి. ఆ మూడూ కల్పించినవి కాకూడదట, ఎవరి నోటనో విన్నవే కావాలట.

ఇంతవరకు రాసింది: గళ్ళు. నిలువు గీతలు, అడ్డు గీతలు ఒకదాన్నొకటి దాటితే మధ్యలో ఏర్పడే చదరాలు. ఒక్కటైతే గడి.

అత్తకు చదివి వినిపిస్తే నవ్వింది. "గళ్ళంటే గళ్ళేనే. దానికి కాయితం కావాలేటి? తడికకి గళ్ళు, కిటికీకి గళ్ళు, అష్టాచెమ్మాకి గళ్ళు. కళ్ళు కనిపించకపోయినా నాను సెప్తాను, రాసుకో."

మా అత్త దీనమ్మకు రెండు కళ్ళకూ పొర కమ్మి మూడేళ్ళయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. తక్కినవన్నీ వేళ్ళతో చూస్తుంది.

రంగం, అంటే రంగూను, నుంచి మా ఆయన రాసిన ఉత్తరం మళ్ళీ చదివించుకుంది. ఇది ఏడోసారి. "ఈ నెలలో దొరికిన ఓడకి రంగంలో బయలుదేరతాను, బారువలో దిగుతాను." ఆ రెండు ముక్కలకే కోడిపెట్టను అమ్మడం మానేసింది. కొడుకు వరప్రసాదు వచ్చాక కోస్తుందట.


7వ తేదీ

దొరసాని ఒక ప్రశ్న వేశారు. చారలకూ గళ్ళకూ తేడా ఏమిటని. చారలు ఎవరి దారిన అవి పోతాయండీ, గళ్ళు ఒకదాన్నొకటి కలుసుకుంటాయి అన్నాను. బాగుంది, అదీ రాయమన్నారు.

మొదటి వాక్యం దొరికింది. నౌపడ పోయే చిన్న రైలుబండిలో ఎవరో అన్నది: "ఉప్పుమడులు సూడు, గళ్ళుగళ్ళుగా ఎలాగున్నాయో." రెండోది మా బడిపిల్ల మాట: "నాకు గళ్ళ పరికిణీ కావాలి." మూడోది ఇంకా లేదు.

గళ్ళంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన లుంగీ. పోయిన ఏడాది సెలవుకు వచ్చినప్పుడు రంగం నుంచి కట్టుకొచ్చారు, ఎరుపు మీద ఆకుపచ్చ గళ్ళు. సంఘపెద్దలు వస్తున్నారంటే గబగబా పంచెలోకి మారేవారు. బియ్యం మిల్లులో మేకు తగిలి అంచు దగ్గర ఒక గడి మేర చిరిగి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళైతే గుడ్డముక్క వేసి అతుకు కుట్టేస్తారు. నేను బోర్డింగులో దొరసానుల దగ్గర నేర్చుకున్న రఫు చేశాను. చిరిగిన చోట నిలువుగా దారాలు పరిచి, అడ్డంగా ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి దూర్చి, నేసినట్టే కుట్టాలి. నా పెట్టెలో ఆకుపచ్చ దారం అయిపోయింది. నీలంతో చేశాను.

ఆయన దాన్ని ఎండకు పట్టి చూశారు. "వెయ్యి గళ్ళల్లో ఒకటి నీది. తక్కినవన్నీ రంగంవి" అన్నారు.

ఇది చీటీలో రాసేది కాదు. అందుకని ఇక్కడ రాసుకున్నాను.


10వ తేదీ, ఆదివారం

నిన్న అమావాస్య. సముద్రం పోటుమీద ఉందట. రంగం నుంచి వచ్చిన ఓడ బారువ ఎదురుగా లంగరు వేసింది. దిగేవాళ్ళను ఒడ్డుకు తెచ్చే పడవ కెరటాల్లో బోల్తా పడింది. ప్రార్థన అయ్యాక జెకర్యా గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఈదుకుని ఒడ్డుకు చేరినవాళ్ళ పేర్లు ఒకరు తెచ్చారు. పదకొండు పేర్లు. రెండుసార్లు చదివాను.

పడవ ఎక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరి దగ్గరా లేవు. కొంతమంది పోటు చూసి భయపడి ఓడలోనే ఉండిపోయారట, ఓడ వాళ్ళను కళింగపట్నం తీసుకుపోయిందట. అసలు ఆయన ఆ ఓడే ఎక్కారని ఎవరన్నారు? ఉత్తరంలో ఈ నెల అని ఉంది గాని ఈ ఓడ అని లేదు.

అత్తకు చెప్పలేదు.


11వ తేదీ

టపాలో ఏమీ రాలేదు.


13వ తేదీ, బుధవారం

భావనపాడు ఇసకలోకి ఒక శవం కొట్టుకొచ్చిందని కబురు వచ్చింది. మనవాళ్ళు రంగం నుంచి రావలసి ఉన్న ఇళ్ళన్నిటికీ కబురు పంపారు. నేనూ జెకర్యా గారూ నౌపడ దాకా బండిలో, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద వెళ్ళాం.

ఆయన కాదు.

గుడ్డ చూపించారు. గళ్ళ లుంగీ. రంగం నుంచి వచ్చే మగవాళ్ళందరూ అవే కడతారు. ఆయన కాదు. మునసబు గారు అడిగితే కాదని చెప్పాను, కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను.

పూండి అవతల కొబ్బరితోటల్లోంచి ఒకామె వచ్చింది, సన్యాసమ్మ. వాళ్ళ ఆయన గున్నయ్య కూడా ఈ ఓడకే రావాలట. నేను కాదన్నాక ఆమె ఆ గుడ్డ పక్కన కూలబడి ఏడ్చింది. వాళ్ళవాళ్ళు అక్కడే ఇసకలో పూడ్చిపెట్టారు. పాపం.

ఆయన కాదు కనక ఇంటికి వచ్చేశాం.


14వ తేదీ

నిన్న సరిగ్గా రాయలేదు.

మొహం చూడడానికి లేదు. నాలుగు రోజులు నీళ్ళలో ఉంది. చాప కప్పారు, పాదాలు మాత్రం కనిపించాయి. పాదాలు ఎవరివైనా పాదాలే.

మా ఆయన లుంగీ గళ్ళు చిన్నవి. అది పెద్ద గళ్ళది. తడిస్తే గుడ్డ సాగుతుంది, గళ్ళు పెద్దవవుతాయి అని ఎవరైనా అంటారేమో. ఉతికితే ముడుచుకుంటుంది గాని సాగదు. గుడ్డల సంగతి నాకు తెలుసు.

అత్తకు ఎవరో చెప్పేశారు. పొద్దున్నే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"నువ్వెల్లి సూసినావంటగా. మంచిగా సూసినావా?"

"చూశానత్తా."

"గళ్ళు ఎలాగున్నాయి?"

"పెద్ద గళ్ళత్తా. మనవి చిన్నవి."

"దేవుడు గొప్పోడు." చేతులు జోడించింది. "ఆ పిల్ల పేరేటన్నారు? సన్యాసమ్మా? దాని కోసం పార్దన సేద్దాం, రా."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. అత్త ప్రార్థన చేసింది. నేను ఆమెన్ అన్నాను.


15వ తేదీ

ఉప్పునీళ్ళలో ఆకుపచ్చ రంగు నీలంగా మారుతుంది.


16వ తేదీ

దొరసాని కళింగపట్నానికి తంతి ఇచ్చారు, అక్కడ దిగినవాళ్ళ పేర్లు పంపమని. ఎంత మంచి మనిషి. జవాబు వచ్చేదాకా ఏ సంగతీ తేలదు, ఏదీ ఆలోచించకూడదు.

గళ్ళు అన్న చీటీ ఏమైందని అడిగారు. మూడో వాక్యం దొరకలేదన్నాను.


18వ తేదీ, సోమవారం

ఇవాళ కుట్టు తరగతిలో రఫు పాఠం. ముప్ఫైమంది పిల్లలు, ముప్ఫై సూదులు. పైనుంచి, కిందనుంచి, పైనుంచి, కిందనుంచి. పక్కగదిలో చిన్నపిల్లల చేత జెకర్యా గారు పది ఆజ్ఞలు వల్లె వేయిస్తున్నారు. ఏడోది, ఎనిమిదోది అయ్యాయి. తొమ్మిదోది వస్తుందని తెలిసి లేచి బయటికి వచ్చేశాను. బయటికీ వినిపించింది. నీ పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు.

ఇన్నేళ్ళుగా ఎంతమందికి నేర్పానో ఈ రఫు. నలభైమందికి పైనే. వాళ్ళలో ఎవరి మొగుడో రంగంలో ఉండొచ్చు. ఎవరి దగ్గరో నీలం దారమే ఉండొచ్చు. సన్యాసమ్మే బోర్డింగులో చదివిన ఎవరి చేతనో కుట్టించుకుని ఉండొచ్చు.

ఇలా రాసి, చదువుకుని, సిగ్గుపడ్డాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. దీనితో కూడా అబద్ధం చెబితే ఇంకెక్కడికి పోతాను?

చూశాను. అంచు దగ్గర, బొటనవేలంత నీలం గడి. నిలువుగా పద్నాలుగు దారాలు. చివరి దారం దగ్గర నేను తొందరపడి ఒకదాన్ని దాటవేశాను, ఆయన భోజనానికి పిలుస్తుంటే. ఆ తప్పు కూడా అక్కడే ఉంది.

మునసబు గారు, "ఏమ్మా, నీవాళ్ళదేనా?" అన్నారు. నోట్లోంచి "కాదండి" అని వచ్చింది. అనుకుని అన్నది కాదు. అవునంటే ఆ క్షణాన ఆయన చనిపోతారనిపించింది. అంతవరకూ బతికే ఉన్నట్టు. నేను నోరు తెరవకపోతే ఆయన ఎక్కడో ఓడమెట్లు దిగుతూనే ఉంటారు. భయంలో మనిషికి ఎంత తెలివితక్కువతనం వస్తుందో.


20వ తేదీ, బుధవారం

కళింగపట్నం జవాబు వచ్చింది. ఆయన పేరు లేదు. గున్నయ్య పేరూ లేదు. ఓడలో ఇంకా ముందుకు పోయినవాళ్ళూ కొందరున్నారట, వాళ్ళ సంగతి తెలియదట.

జెకర్యా గారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "శనివారం ఆ పూండి మనిషికి పదకొండో రోజు, కరుణమ్మా. గాజులు తీయిస్తారు. వాళ్ళ ఆచారం గట్టిది. మీ అత్త ఏమైనా పంపమంటోంది. బియ్యం పంపుదామా?"

ఒకసారి గాజులు పగలగొట్టాక ఎవరొచ్చి కాదన్నా లాభం లేదు. రేపు గున్నయ్య గుమ్మంలో వచ్చి నిలబడినా ఊరు ఆమెను మునుపటిలా చూడదు. ఆ ఇంట్లో శుభానికి పిలవరు. బతికున్నవాడికి దినం చేశారన్న మాట ఆ ఇంటిని వదలదు. దానికంతటికీ నా సంతకం ఒక్కటే ఆధారం.

నిజం చెబితే అత్త ఏమవుతుందో. మునసబు ఏమంటాడో. దొరసాని మొహం ఎలా చూడను? అన్నిటికంటే, గట్టిగా అన్నాక ఆయన ఇక లేనట్టే.

మూడు రోజులుంది.


21వ తేదీ

రెండు రోజులు. ఎవరైనా అడిగితే చెప్పేద్దామని ఉంది. ఎవరూ అడగరు, ఎందుకడుగుతారు?


22వ తేదీ, శుక్రవారం

వెళ్ళాను. అత్త పంపిన బియ్యం మూట పట్టుకుని, బియ్యం ఇవ్వడానికే వెళ్తున్నట్టు వెళ్ళాను. నౌపడ దగ్గర ఉప్పుమడులు వచ్చినప్పుడు కిటికీ వైపు చూడలేదు. పూండిలో దిగి తోటల్లోంచి నడిచాను. సగం దారిలో వెనక్కి తిరిగాను కూడా. ఎదురుగా వస్తున్న ఒక ముసలాయన, "దారి తప్పినావేటమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఆయనే వాళ్ళ ఇంటిదాకా దిగబెట్టాడు.

ఇల్లంతా రేపటి పనిలో ఉంది. సన్యాసమ్మ వెనక వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది. మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. దగ్గరి చుట్టాలు చివరిసారిగా తలా నాలుగు తొడిగి వెళ్ళారట, రేపు తీసేయడానికి.

"రా పంతులమ్మా. కూకో. నువ్వొత్తావనుకోనేదు. ఆ రోజు నీ మొగుడు కాదని తేలిపోనాక నీకేటి పని ఇక్కడ?" అంది. కోపంగా కాదు, ఉన్న మాట అన్నట్టే అంది.

బియ్యం పక్కన పెట్టాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నదంతా పోయింది. ఆమె చుట్టూ చూసి, చాప కింద నుంచి ఒక గుడ్డపీలిక తీసింది.

"నీకు కుట్టుపని తెలుసు గదా. ఓ మాట సెప్పు. పూడ్సే ముందర ఆడి లుంగీలో ఈ సెక్క కోసి దాసినాను. ఈ నీలం సూడు. ఇది నాను కుట్టింది కాదు. మా ఊర్లో ఎవులికీ ఇలాగ కుట్టడం రాదు."

నేను చూడలేదు. చూడనక్కర్లేదు.

"రంగంలో ఎవత్తో కుట్టింది." ఆమె గొంతు తగ్గించింది. "ఇంత సన్నంగా, ఇంత ఓపిగ్గా ఊరికే ఎవులు కుడతారు సెప్పు? ఇది పెళ్ళాం కుట్టు. పది రోజుల్నుంచి ఆడి కోసం ఏడవాలో, ఆణ్ణి తిట్టాలో తెలక సచ్చిపోతన్నాను. రేపు దాని మొగుడి కోసం నా గాజులు పగలగొడతారు."

అప్పుడు వచ్చింది మాట. "అది నేను కుట్టింది, సన్యాసమ్మా."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "నువ్వా? మావోడి గుడ్డ నువ్వెందుకు కుట్టినావు? ఆడు నీకెలాగ తెలుసు?"

"మీవాడిది కాదు. మావాడిది."

ఆ పీలికను మళ్ళీ దగ్గరికి తీసుకుని చూసింది.

"ఆ రోజు కాదన్నావు."

"అన్నాను."

"ఈ నీలం సూసే అన్నావా?"

"చూసే అన్నాను. భయమేసింది."

"నీకు బయ్యమేసింది!" అని లేచింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "నీకు బయ్యమేసి నన్ను ముండమోపిని సేసీసినావు! మా అత్త పది రోజులై మెతుకు ముట్టనేదు. ఆడి మీద నాను ఎన్నేసి మాటలన్నానో తెలుసా? సచ్చినోణ్ణి, రంగంలో ముండని ఉంచుకున్నావురా అని తిట్టినాను!"

కేకలకు లోపలి నుంచి అందరూ వచ్చారు. గున్నయ్య తల్లి బొడ్డమ్మను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. అందరి ముందూ మళ్ళీ చెప్పాను. పద్నాలుగు దారాలు లెక్కపెట్టి చూపించాను, దాటవేసిన దారం చూపించాను. మునసబు దగ్గరికి వచ్చి కాగితం మార్చి రాసిస్తానన్నాను. బొడ్డమ్మ, "అయితే నా కొడుకు బతికున్నాడా?" అని అందరినీ పేరుపేరునా అడుగుతోంది.

సన్యాసమ్మ మళ్ళీ కూర్చుంది. రెండు చేతులూ ముందుకు చాచి గాజుల వైపు చూసుకుంది. అప్పుడు ఆమె మొహంలోకి వచ్చింది సంతోషం కాదు. దాన్ని నేను గుర్తుపట్టాను. పన్నెండు రోజులుగా నాలో ఉన్నదే.

"మరి మావోడేడి?" అంది.

కళింగపట్నం పేర్లలోనూ లేడని చెప్పాను.

"సచ్చిపోనాడని ఏడిసినాను, ఏడుపు అయిపోవొచ్చినాది. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి బయ్యపడమంతావా?"

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆ గుడ్డపీలిక నా చేతిలో పెట్టింది. "తీసుకుపో. నీ మొగుడిది." బియ్యం మూట కూడా తెచ్చి నా నెత్తికెత్తింది.


23వ తేదీ, శనివారం

అక్కడ ఇవాళ గాజులు పగలలేదు. జెకర్యా గారు వెళ్ళి కనుక్కుని వచ్చారు.

అత్తకు నిన్ననే చెప్పాల్సింది. చెప్పలేదు. పొద్దున్న నేను నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి నా కుట్టుపెట్టె దగ్గర కూర్చుని ఉంది, చిరిగిన రవికెకు సూది కోసం వెతుకుతూ. గుడ్డపీలిక ఆమె చేతిలో ఉంది. వేళ్ళతో తడుముతోంది. అంచు దాకా వెళ్ళి అక్కడ ఆగింది. ఆ చోటనే ముందుకూ వెనక్కూ రాసింది.

మొహమంతా వెలిగిపోయింది.

"ఓలమ్మా! నీ కుట్టేనే ఇది! ఆడొచ్చినాడేటే? ఎప్పుడొచ్చినాడు? నాకు సెప్పనేదేటే? ఏడీ?"

గుమ్మం వైపు తిరిగి, "ఒరే పెసాదూ!" అని పిలిచింది.

ఆమె ముందు కూర్చుని చెప్పాను. మొదట అర్థం కాలేదు, రెండోసారి చెప్పాను. రెండోసారి ఏడుపు రాలేదు నాకు, గొంతు మామూలుగానే వచ్చింది. దానికే ఎక్కువ భయమేసింది.


26వ తేదీ, మంగళవారం

మునసబు గారు కాగితం మార్చి రాయించుకున్నారు. చాలా తిట్టారు. వచ్చే ఆదివారం సంఘంలో అందరి ముందూ ఒప్పుకోమని సంఘపెద్దలు అన్నారు, ఒప్పుకుంటాను. జెకర్యా గారు భావనపాడులో ఆ చోట ప్రార్థన చేశారు. అత్త ఇసకలో కూర్చుని లేవనంది. కోడిపెట్ట ఇంకా పెరట్లో తిరుగుతోంది.

చీటీ దొరసానికి ఇచ్చేశాను. మూడో వాక్యం: "వెయ్యి గళ్ళల్లో ఒకటి నీది." ఎవరి నోట విన్నావని అడిగారు. మా ఆయన నోట అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా చీటీని తక్కిన చీటీల్లో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం సన్యాసమ్మ వచ్చింది. ఒక్కతే, పూండి నుంచి, నోరెండిపోయి. ఇంట్లోకి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "రంగానికి ఉత్తరం రాసి పెట్టు. మావోడు ఓడెక్కినాడో నేదో అక్కడోళ్ళని అడుగు. నువ్వే రాయాల" అంది. రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. గున్నయ్య అన్న పేరు దగ్గర మళ్ళీ చదవమంది.

అత్త లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగింది.

జవాబు రావడానికి నెల పడుతుంది. ఈ నెలంతా టపా మనిషి వీధిలోకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాను. ఆ ఉత్తరం ఏం తెచ్చినా, ఈసారి చూసింది చూసినట్టు ఆమెకు చదివి చెప్పవలసింది నేనే.